అన్ని త్రిభుజాలూ సమద్విబాహు త్రిభుజాలేనట!

నొచ్చుకునేవాళ్ళు నొచ్చుకోండి గానీ, ముందే చెప్పేస్తున్నా. లెక్కల పుస్తకంలో బొమ్మని మౌసు పట్టుకుని కంటి అంచనాతో గీసేసి, కింద దర్జాగా "పటం 3.2" అని రాసేవాళ్ళందరూ పాఠకుణ్ణి మోసం చేస్తున్నట్టే లెక్క. తెలిసి చేసినా సరే, తెలియక చేసినా సరే. ఈ ముక్క ఆఫీసులో భోజనాల దగ్గర అన్నందుకు మా మిత్రుడొకడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు (టీ డబ్బులు మాత్రం రెండ్రోజులూ నాచేతే కట్టించాడు). వాడి వాదన ఏమిటో కాసేపాగి చెప్తాను. అసలీ గొడవ ఎక్కడ మొదలైందో ముందు చెప్పాలి.

నాకు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మేష్టారు ఒకాయన ఉన్నారు. రిటైరై పదమూడేళ్ళయింది. ఖాళీగా కూర్చోలేక రేఖాగణితం మీద తెలుగులో ఒక పుస్తకం రాశారు. గైడు కాదు, బిట్ బ్యాంకు అంతకన్నా కాదు. తొమ్మిదీ పదీ చదివే పిల్లలు, వాళ్ళకి చెప్పే పంతుళ్ళు కూచుని చదువుకోవలసిన పుస్తకం. మొత్తం 140 బొమ్మలు. అన్నీ తెల్లకాగితం మీద స్కేలు, వృత్తలేఖిని, కోణమానిని పట్టుకుని పెన్సిలుతో ఆయనే గీసినవి. ఒక్కదాంట్లో కూడా వంక పెట్టటానికి లేదు. వాటిని ఊళ్ళో ఒక డీటీపీ సెంటరువాళ్ళకి ఇచ్చారు. నాలుగు నెలల తరవాత ప్రూఫులు వచ్చాయి, "ఓసారి చూసిపెట్టవోయ్" అని నాకు పంపించారు.

ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన అధ్యాయం, తప్పుడు నిరూపణల మీద రాసింది. అందులో ఒక పాత చమత్కారం ఉంది. రౌస్ బాల్ అనే ఆంగ్లేయుడు 1892లో అచ్చేసిన గణిత వినోదాల పుస్తకం పుణ్యమా అని లోకమంతా తెలిసిన చమత్కారమే. మీరు ఎలాంటి త్రిభుజం తీసుకున్నా సరే, అది సమద్విబాహు త్రిభుజమేనని "నిరూపిస్తుంది".

ఎలాగంటే.. ఏబీసీ ఒక త్రిభుజం అనుకోండి. శీర్షం ఏ దగ్గర కోణాన్ని సమానంగా చీల్చే రేఖ ఒకటి గియ్యండి. కింద బీసీ భుజానికి లంబ సమద్విఖండన రేఖ గియ్యండి. రెండూ కలిసే బిందువు పీ. పీ నుంచి ఏబీ మీదికి ఒక లంబం, ఏసీ మీదికి ఒక లంబం దించండి. ఆ పాదాలు ఎం, ఎన్. ఇప్పుడు కోణాన్ని సమానంగా చీల్చాం కాబట్టి ఏఎం, ఏఎన్ సమానం, పీఎం, పీఎన్ సమానం. లంబ సమద్విఖండన రేఖ మీద ఉంది కాబట్టి పీబీ, పీసీ సమానం. ఆ రెండు లంబకోణ త్రిభుజాలూ సర్వసమానాలు కనక ఎంబీ, ఎన్‌సీ సమానం. ఇటు ఇవి రెండూ కూడితే ఏబీ, అటు అవి రెండూ కూడితే ఏసీ. అంచేత ఏబీ, ఏసీ సమానం. అయిపోయింది!

పెన్సిలుతో ఏదో ఒక త్రిభుజం వేసి, పీ ని లోపల ఎక్కడో పెట్టేసి చూడండి. ఒక్క అడుగులో కూడా తప్పు దొరకదు. ఎందుకంటే తప్పు మాటల్లో లేదు, బొమ్మలో ఉంది. ఏబీ, ఏసీ వేరువేరు అయినప్పుడు ఆ పీ త్రిభుజం లోపల ఎప్పుడూ పడదు. బయట, బీసీకి అవతల, సరిగ్గా పరివృత్తం మీద పడుతుంది. ఆ ఎం, ఎన్ లలో ఒకటి భుజం మీద పడితే రెండోది భుజాన్ని పొడిగించిన గీత మీద పడుతుంది. కాబట్టి ఒక పక్క కూడాలి, రెండో పక్క తీసెయ్యాలి. సరైన బొమ్మ చూసిన మరుక్షణం కోట కూలిపోతుంది. మేష్టారు ఇందుకోసమే పక్కపక్కనే రెండు బొమ్మలు గీశారు. ఎడమవైపు తప్పుడు బొమ్మ, కుడివైపు సరైనది. "ముందు ఎడమది చూసి నమ్మండి, తరవాత కుడిది చూసి సిగ్గుపడండి" అని రాశారు కింద.

ప్రూఫులో ఏం వచ్చిందో తెలుసా? రెండు బొమ్మల్లోనూ త్రిభుజం చక్కగా, గుడి గోపురంలా, అటూ ఇటూ సరిసమానంగా ఉంది. డీటీపీ కుర్రాడు "కొంచెం వంకరగా ఉంది కదా సార్" అని సరిచేశాడట. అలా సరిచేసేసరికి కోణాన్ని చీల్చే రేఖ, లంబ సమద్విఖండన రేఖ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. "ఒక గీత ఎక్కువైంది, అందుకని తీసేశానండీ" అన్నాడు. అంటే ఏమిటన్న మాట? అన్ని త్రిభుజాలూ సమద్విబాహు త్రిభుజాలేనని చెప్పే తప్పుడు నిరూపణకి నిజంగానే ఒక సమద్విబాహు త్రిభుజాన్ని బొమ్మగా వేశాడు. పాపం, ఇప్పుడా నిరూపణలో తప్పే లేదు :-)

మేష్టారు నవ్వారనుకుంటున్నారా? లేదు. "నాలుగు నెలలోయ్" అని ఊరుకున్నారు.

నేను ఆ కుర్రాణ్ణి తిట్టను. వాడికి పేజీకింతని డబ్బులిస్తారు. ఉదయం పెళ్ళిపత్రిక, మధ్యాహ్నం కరపత్రం, సాయంత్రం రేఖాగణితం. వాడి చేతిలో ఉన్న సాఫ్టువేరు కూడా అదే మూడిటికీ పనికొచ్చేది. నా గొడవ ఆ సాఫ్టువేరుతోనే. పెళ్ళిపత్రిక మీద వినాయకుడి తొండం ఒక మిల్లీమీటరు పక్కకి జరిగితే ఎవరి పెళ్ళీ ఆగదు. కానీ స్పర్శరేఖ ఒక మిల్లీమీటరు పక్కకి జరిగితే అది స్పర్శరేఖ కాదు, ఛేదన రేఖ. మౌసుతో గీసే సాఫ్టువేరుకి తెలిసిందల్లా "ఇక్కణ్ణుంచి అక్కడిదాకా ఒక గీత". అది లంబమనీ, ఈ వృత్తాన్ని తాకాలనీ, ఆ బిందువులోంచి పోవాలనీ దానికి ఎవరూ చెప్పలేదు, చెబుదామన్నా వినే చెవుల్లేవు. గీసిన మనిషి బుర్రలో ఉన్న సంబంధం మౌసు వదిలెయ్యగానే గాల్లో కలిసిపోయింది. మిగిలింది ఒట్టి గీత.

ఇప్పుడు మా మిత్రుడి వాదన. "మౌసుతో అయితే పది నిమిషాల పని. దానికి కోడు రాస్తూ కూచోవటం మీ ప్రోగ్రామర్ల పైత్యం" అంటాడు. (వాడూ ప్రోగ్రామరే. పైగా రోజంతా ఎవరైనా సర్వరు మీద చేత్తో సెట్టింగులు మారిస్తే ఇంతెత్తున లేస్తాడు.) ఒరే నాయనా, మొదటిసారి పది నిమిషాలే, ఒప్పుకున్నా. లెక్కల పుస్తకంలో ఏ బొమ్మ ఒక్కసారితో అవుతుంది? "శీర్షం కాస్త ఎడమకి జరుపు, కోణం మరీ తొంభైకి దగ్గరగా ఉంది, పిల్లలు లంబకోణం అనుకుంటారు" అంటారు మేష్టారు. అలా ఒక శీర్షం జరిపితే మౌసు బొమ్మలో పీ జరగాలి, రెండు లంబాలు జరగాలి, పాదాలు జరగాలి, పరివృత్తం సైజు మారాలి, ఆ లంబకోణం గుర్తులు తిరగాలి. అన్నీ మళ్ళీ చేత్తోనే. మళ్ళీ కంటితోనే. 140 బొమ్మలు ఇంటూ మూడు సవరణలు, వేసుకో లెక్క.

ఇదే బొమ్మ మెటాపోస్టులో చెయ్యటానికి నాకు పట్టినవి పది పన్నెండు వరసలు. అందులో అసలు గణితం నాలుగే. నేను పీ ఎక్కడుందో చెప్పలేదు. "పీ అనేది ఏ నుంచి ఈ దిక్కుగా ఎంతో కొంత దూరంలో ఉంది. అదే పీ బీసీ మధ్యబిందువు నుంచి బీసీకి లంబంగా ఎంతో కొంత దూరంలో ఉంది" అని రెండు సమీకరణాలు చెప్పాను, అంతే. ఆ "ఎంతో కొంత"కి మెటాపోస్టులో ఒక మాట ఉంది, దాని అర్థం కూడా అచ్చం "ఏదైతేనేం" అనే. ఆ దూరాలెంతో సాఫ్టువేరే సమీకరణాలు సాధించి తెలుసుకుంటుంది. పీ బయట పడిందన్న సంగతి నేను దానికి చెప్పలేదు, అదే నాకు చెప్పింది. మేష్టారు పిల్లలకి బోర్డు మీద చెప్పేదీ ఇలాగే కదా? "ఎక్స్ తెలీదు, తెలీకపోతే పోనీ, దానికి రెండు షరతులు పెడదాం."

ఈ మెటాపోస్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో రెండు ముక్కలు చెప్పాలి. 1977లో డొనాల్డ్ కనూత్ తన పుస్తకం రెండో కూర్పు ప్రూఫులు చూసుకుని, ఆ అచ్చు అంత వికారంగా ఉండటం భరించలేక, "నేనే చేసుకుంటా" అని టెక్ మొదలుపెట్టాడు. (ప్రూఫులు చూసి కడుపు మండటం అన్నది ఎక్కడైనా ఒకటే అన్నమాట.) దానికి తోడుగా అక్షరాల రూపాలు గీసుకోటానికి మెటాఫాంట్ అని ఇంకోటి చేశాడు. సమీకరణాలు చెప్తే సాధించుకుని గీతలు గీసే పద్ధతి దాంట్లోదే. దాన్ని తీసుకుని అక్షరాల బదులు బొమ్మలు గీసేట్టు జాన్ హాబీ మార్చాడు, అదే మెటాపోస్టు. చాలామందికి దీని పేరే తెలియదు. తెలిసినవాళ్ళు కొందరు "అది పాతదండీ" అంటారు. పాతది కాబట్టే చెప్తున్నా! 1847లో ఆలివర్ బర్న్ అనే ఆయన యూక్లిడ్‌ని రంగురంగుల బొమ్మలతో అచ్చేశాడు. ఆ బొమ్మలన్నిటినీ ఈమధ్య ఒకాయన మెటాపోస్టులో మళ్ళీ గీశాడు. ఓపికుంటే వెతికి చూడండి, కళ్ళు చల్లబడతాయి.

పాతది అన్న మాట వచ్చింది కాబట్టి.. మేష్టారి దగ్గర ఇరవై ఏళ్ళ కిందట వేసిన చిన్న పుస్తకం ఒకటుంది. దాని ఫైళ్ళు సీడీలో భద్రంగా ఉన్నాయి. సీడీ చదవగలిగాం కూడా. ఫైళ్ళు మాత్రం తెరుచుకోలేదు. ఖరీదైన ఒక డ్రాయింగు సాఫ్టువేరులో చేసినవి. కొత్త వెర్షను వాటిని చూసి మొహం తిప్పుకుంది. ఎలాగో తంటాలు పడి పాత కంప్యూటరు మీద తెరిస్తే, బొమ్మల మీద తెలుగు మాటల స్థానంలో ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు. ఆ కాలపు డీటీపీ ఖతులు అంతే మరి. లోపల ఉండేది తెలుగు కాదు, ఇంగ్లీషు సంకేతాలకి తెలుగు వేషం. వేషం వేసే ఖతి లేకపోతే "కర్ణం" అన్న మాట ఎవరికీ అర్థం కాని బూతులా కనిపిస్తుంది. అదే టెక్ సంగతి చూడండి. కనూత్ దానికి ఇక కొత్త హంగులు చేర్చనని ఎప్పుడో ప్రకటించాడు. దోషాలు దిద్దినప్పుడల్లా వెర్షను సంఖ్య పై విలువకి ఒక్కో అంకె దగ్గరవుతుంది, 2021లో 3.141592653 అయింది. అప్పట్లో రాసిన ఫైళ్ళు ఇప్పటికీ నడుస్తాయి. ఒకవేళ నడపటానికి ఏమీ లేకపోయినా, అది మామూలు అక్షరాల ఫైలు. తెరిచి చదివితే బొమ్మలో ఏముందో మనిషికి అర్థమవుతుంది.

అలాగని అక్షరాల్లో రాసినదల్లా అమరం అని కూడా అనను. పీఎస్‌ట్రిక్స్ అని 1990లలో ఒక గొప్ప పాకేజీ ఉండేది, ఇప్పటికీ ఉంది. అది పనంతా పోస్ట్‌స్క్రిప్టు నెత్తిన పెట్టింది. తీరా లోకం నేరుగా పీడీఎఫ్ తయారుచేసే పీడీఎఫ్‌టెక్‌కి మారేసరికి, పాపం నేరుగా పనిచెయ్యక, చుట్టుదారులు వెతుక్కోవలసి వచ్చింది. అంతకుముందు లేటెక్‌లోనే ఉన్న బొమ్మల ఏర్పాటు సంగతి అయితే చెప్పనే అక్కర్లేదు. గీత వాలుకి మైనస్ 6 నుంచి 6 దాకా పూర్ణాంకాలే, బాణం అయితే మైనస్ 4 నుంచి 4. మన త్రిభుజం దానికి నచ్చిన వాలులోనే ఉండాలి. దానికన్నా డీటీపీ కుర్రాడే నయం.

"మరి టిక్జ్ సంగతేంటి?" అని అరిచేవాళ్ళు అరుస్తూనే ఉన్నారు, వినబడుతోంది. వస్తున్నా. టిల్ టాంటౌ చేసిన టిక్జ్ నిజంగా అద్భుతమే. ఆ పేరుకి జర్మనులో అర్థమే "టిక్జ్ బొమ్మలు గీసే ప్రోగ్రాము కాదు" అని, నా వాదనంతా పేరులోనే ఉంది. బాణాల చిత్రాలకి దాని మీద కట్టిన టిక్జ్-సీడీ, గ్రాఫులకి పీజీఎఫ్‌ప్లాట్స్, యూక్లిడ్ బొమ్మలకి టీకేజడ్-యూక్లిడ్ ఉన్నాయి. వాడండి, కాదనను. నాకు ఒళ్ళు మండేది టిక్జ్ భక్తులతో. ప్రపంచంలో ప్రతి బొమ్మకీ టిక్జే అంటారు. దాని మాన్యువలు వెయ్యి పేజీలు దాటింది, అది చూపించి గర్వపడతారు కూడా. లోపల లెక్కలన్నీ టెక్‌లోనే చేస్తుంది, టెక్ ఏమో అక్షరాలు పేర్చటానికి పుట్టింది. 16384 పాయింట్లు, అంటే ఆరు మీటర్లు కూడా లేని దూరం, దాటితే "కొలత మరీ పెద్దది" అని చతికిలబడుతుంది. బొమ్మ ఆరు మీటర్లు ఎవడు గీస్తాడండీ అంటారేమో, బొమ్మ కాదు, మధ్యలో వేసే లెక్క అక్కడికి చేరుతుంది. రెండు గీతలు దాదాపు సమాంతరంగా ఉంటే చాలు. (మెటాపోస్టు కూడా చిన్నప్పుడు 4096 దాటి లెక్కపెట్టలేకపోయేది, నిజం చెప్పాలి. తర్వాతి వెర్షన్లలో కావలసినంత ఖచ్చితత్వం అడిగి తీసుకోవచ్చు.) మూడు కొలతల బొమ్మలు, శంకువులూ వాటి ఛేదాలూ కావాలంటే మాత్రం రెండూ వదిలేసి ఆసింప్టోట్ పట్టుకోండి. మెటాపోస్టు బుద్ధి, సీ ప్లస్ ప్లస్ లాంటి భాష, లోపల సరైన దశాంశ లెక్కలు.

మన తెలుగువాళ్ళకి మాత్రం టిక్జ్ వల్ల ఒక పెద్ద సుఖం ఉంది, అది దాచటం అన్యాయం. బొమ్మ మీద మాటల్ని కూడా చుట్టూ ఉన్న పేజీని పేర్చే టెక్కే పేరుస్తుంది. అంటే పుస్తకం జీటెక్‌లో తెలుగులో ఉంటే బొమ్మ మీద "స్పర్శరేఖ" కూడా అదే ఖతిలో, ఒత్తులన్నీ సరిగ్గా కూచుని వస్తుంది. పాత పద్ధతి మెటాపోస్టుకి ఇది చేతకాదు. దీనికి నేను మూడు రాత్రులు కొట్టుకున్నాను. చివరికి లువాలేటెక్‌లో లువాఎంపీలిబ్ అనే పాకేజీ దొరికింది, మెటాపోస్టు కోడు డాక్యుమెంటులోనే రాస్తే మాటలు పేర్చే పని లువాటెక్ చూసుకుంటుంది. ఖతి దగ్గర హార్ఫ్‌బజ్ వాడమని చెప్పటం మరిచిపోకండి. మరిచిపోతే "త్రిజ్య" కాస్తా విడివిడిగా, రావత్తు ఒకచోట, యావత్తు ఒకచోట, ఒకటో తరగతి పిల్లాడు పలక మీద దిద్దినట్టు వస్తుంది. ఇంతా చేస్తే చుట్టూ ఉన్న వాక్యంలో ఉన్న ఖతే బొమ్మ మీదా ఉంటుంది. ఇది అందం కోసం కాదు. వాక్యంలో వాలు అక్షరంతో ఉన్న ఎక్స్, బొమ్మ మీద నిటారుగా లావుగా ఉంటే, రెండూ ఒకటేనా అని పిల్లాడు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణం వాడిది, మనం దొంగిలించాం.

మేష్టారి ముందు ఇదంతా ఏకరువు పెట్టాను. ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి, "ఏవోయ్, నాకు డెబ్భై ఒకటి. ఇప్పుడు నన్ను ప్రోగ్రామింగు నేర్చుకోమంటావా?" అన్నారు.

అక్కడ నా దగ్గర జవాబు లేదు, నిజం చెప్పొద్దూ. మిత్రుడి ప్రశ్నకన్నా ఇది పెద్దది. నేను ఉద్యోగం పనిలో పడి ఏ దేశమో పోతే రేపు రెండో ముద్రణకి ఈ కోడు ముట్టుకునేదెవరు? డీటీపీ కుర్రాడి మీద ఆధారపడటం మానిపించి నా మీద ఆధారపడేట్టు చేస్తే ఆయనకి ఒరిగిందేమిటి?

ఆయనకి జియోజీబ్రా పెట్టిచ్చాను. మౌసుతో గీసేదైనా ఇది వేరే జాతి. లంబం గియ్యి అంటే లంబం అని గుర్తుపెట్టుకుంటుంది, శీర్షం పట్టుకుని లాగితే మిగతావన్నీ వెంట నడుస్తాయి. మార్కస్ హోహెన్వార్టర్ అనే ఆయన ఆస్ట్రియాలో చదువుకునే రోజుల్లో మొదలుపెట్టింది. మేష్టారు రెండు వారాల్లో పట్టేశారు, ఆ త్రిభుజం శీర్షాన్ని అటూ ఇటూ లాగుతూ పీ పరివృత్తం మీద పాకటం చూసి చిన్నపిల్లాడిలా ఫోను చేశారు. మరి అదే చాలదా అంటారా? రెండు చిక్కులున్నాయి. ఒకటి, దాంట్లోంచి టిక్జ్‌కో ఆసింప్టోట్‌కో ఎగుమతి చెయ్యొచ్చు గానీ, బయటికి వచ్చేవి ఒట్టి అంకెలు. "పీ 3.41, మైనస్ 1.27 దగ్గరుంది" అని వస్తుంది, ఎందుకుంది అన్నది రాదు. సంబంధాలన్నీ మళ్ళీ గాల్లోకే. రెండోది, దాని యజమానులు. 2021లో బైజూస్ దాన్ని కొనుక్కుంది. 2024లో బైజూస్ మీద దివాలా విచారణ మొదలైంది. సోర్సు కోడుకి స్వేచ్ఛ లైసెన్సు ఉంది గానీ, మనం దింపుకునే తయారు ప్రోగ్రాముకి వ్యాపారేతర వాడకమే అన్న షరతు ఉంది. మేష్టారి పుస్తకానికి 120 రూపాయలు వెల పెడితే అది వ్యాపారమా కాదా అని నేను వకీలుని అడగదలుచుకోలేదు. అంచేత ఒప్పందం ఏమిటంటే, ఆయన దాంట్లో ఆలోచిస్తారు, నిర్మాణం అడుగులు తెలుగులో కాగితం మీద రాస్తారు, నేను ఆ అడుగుల్ని మెటాపోస్టులో రాస్తాను. ఆయన రాసిన వాక్యాన్నే ప్రతి సమీకరణం పైన వ్యాఖ్యగా తెలుగులోనే పెడుతున్నా. రేపు కోడు చదివేవాడికి నేను అక్కర్లేదు, మేష్టారి మాట ఉంటే చాలు.

ఈ మధ్య ఇంకో రకం సలహా వస్తోంది. "ఏఐని అడుగు, టిక్జ్ కోడు రాసిస్తుంది." అడిగాను. రాసిచ్చింది, నడిచింది కూడా. బొమ్మ ముద్దుగా ఉంది. తెర మీద పెద్దది చేసి చూస్తే స్పర్శరేఖ వృత్తాన్ని తాకట్లేదు, వెంట్రుక వాసి దూరంలో నమస్కారం పెట్టి వెళ్ళిపోతోంది. కోడు చూస్తే నిర్మాణం లేదు, అంచనాగా వేసిన అంకెలు. డీటీపీ కుర్రాడే మళ్ళీ వచ్చాడు, ఈసారి ఇంగ్లీషు బాగా మాట్లాడుతున్నాడు. ఒక్క మేలు ఏమిటంటే ఆ దొంగతనం అక్షరాల్లో ఉంది కాబట్టి పట్టుకోగలిగాను.

మౌసుతో గీసేదల్లా పాపం అని మొదట్లో కోపంలో అన్నాను కాబట్టి కాస్త తగ్గాలి. ఏ సంబంధమూ లేని బొమ్మలు కూడా గణితంలో ఉంటాయి. "ఏదో ఒక సమితి" అని చెప్పటానికి గీసే బంగాళాదుంపకి సమీకరణం రాసేవాడు నిజంగానే పైత్యకారి. వాటికి ఇంక్‌స్కేపు చాలు, మాటల్ని లేటెక్‌కి వదిలేసి గీతల్ని మాత్రం పీడీఎఫ్‌గా ఇచ్చే సదుపాయం దాంట్లో ఉంది. ఇంకా మంచిది ఐప్. ఆట్‌ఫ్రీడ్ చాంగ్ 1993 నుంచి చేస్తున్నది. అది దాచే పీడీఎఫ్‌లోనే బొమ్మ మూలం కూడా ఉంటుంది, అచ్చుకి పంపిన ఫైలునే మళ్ళీ తెరిచి దిద్దుకోవచ్చు. సీడీలో మిగిలిపోయిన ఆ పాత పుస్తకం ఇలాంటిదాంట్లో చేసి ఉంటే ఎంత బావుండేదో. మేష్టారి 140లో ఇలాంటి బంగాళాదుంపలు ఆరు. మిగతా 134 మాత్రం నేను రాజీపడను.

నిన్నటికి 93 అయ్యాయి. ఆ సమద్విబాహు బొమ్మ మొన్న రాత్రి పంపించాను. పొద్దున్నే ఆరింటికి ఫోను.

"శీర్షం ఇంకాస్త ఎడమకి పోవాలోయ్. పిల్లాడికి చూడగానే ఏబీ, ఏసీ వేరని తెలియాలి కదా."

ఒక్క అంకె మార్చాను. పీ, రెండు లంబాలు, పరివృత్తం, గుర్తులు అన్నీ తమంతట తామే సర్దుకున్నాయి. అర నిమిషంలో తిరిగి పంపించి, గొప్పగా, "చూశారా మేష్టారూ!" అన్నాను.

"చూశాను. గీతలన్నీ బావున్నాయి. ఎన్ అన్న అక్షరం లంబం మీద పడింది, అది ఎవరు జరుపుతారు?"

దానికి ఏ సాఫ్టువేరులోనూ సమీకరణం లేదు. అక్షరాన్ని కుడివైపు పెట్టమని చేత్తోనే రాశాను. మిగతా 92 బొమ్మల్లో అక్షరాలు ఎక్కడ పడ్డాయో ఈ ఆదివారం కూచుని కంటితోనే చూడాలి.